భయం ఒక్క గర్భిణిదేనా?

తెలంగాణలో పది కాన్పుల్లో ఆరు కోతతోనే జరుగుతున్నాయని 2019–21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే తేల్చింది. లెక్కగా చెబితే 60.7 శాతం, ప్రైవేటు ఆసుపత్రులను మాత్రమే తీసుకుంటే 81.5. ఆంధ్రప్రదేశ్‌లో 42.4 శాతం, దేశ సగటు 21.5. ఈ అంకెలు వెలువడ్డప్పుడల్లా ముహూర్తాల గురించీ బిల్లుల గురించీ గట్టిగానే మాట్లాడుకుంటాం. ఆ చర్చ మొదటి కోత దగ్గరే ఆగిపోతుంది. అదే తల్లి రెండు మూడేళ్లకు మళ్లీ గర్భం దాల్చినప్పుడు ఆమె ముందున్న దారి ఏమిటన్నది ఎవరికీ పట్టదు. ఆ ఖాళీలోకి ఈమధ్య నగరాల్లో శిక్షణ తరగతులు వచ్చి చేరాయి. శ్వాస మీద ధ్యాస, కండరాలను ఒక్కొక్కటిగా బిగించి వదలడం, యోగనిద్ర, స్వీయ హిప్నాసిస్ సాధన చేస్తే సిజేరియన్ తర్వాత కూడా సహజ కాన్పు సాధ్యమని అవి చెబుతున్నాయి. వైద్యులు వీబ్యాక్ అనే ఈ కాన్పుకు మనసునూ ఒంటినీ సిద్ధం చేసుకోవడం మంచిదే. అయితే ఈ సాధనంతా ఒక్క గర్భిణి భయాన్నే లక్ష్యంగా పెట్టుకుంది. భయపడుతున్నది ఆమె ఒక్కతే కాదు.

‘మొదటిది ఆపరేషనైతే రెండోదీ ఆపరేషనే’ అన్న మాట మన ఇళ్లలో శాసనంలా చలామణి అవుతోంది. దీనికి మూలం న్యూయార్క్ వైద్యుడు ఎడ్విన్ క్రేగిన్ 1916లో చేసిన వ్యాఖ్య. ఆనాడు గర్భసంచి పై భాగంలో నిలువుగా కోసేవారు. ఆ మచ్చ నొప్పుల ఒత్తిడికి తట్టుకోలేకపోయేది కాబట్టి అప్పటికి ఆ హెచ్చరిక న్యాయమే. ఇప్పుడు దాదాపు అన్ని సిజేరియన్లలో కింది భాగంలో అడ్డంగా కోస్తున్నారు. అలాంటి ఒక్క కోత ఉండి, వేరే అడ్డంకులు లేకుండా నొప్పులకు సిద్ధపడిన వారిలో 72 నుంచి 75 శాతం మందికి సహజ కాన్పు అవుతుందని బ్రిటన్ ప్రసూతి వైద్యుల రాయల్ కాలేజీ 2015 మార్గదర్శకాలు చెబుతున్నాయి. అంతకు ముందు ఒక్కసారైనా సహజంగా కన్నవారిలో అది 85 నుంచి 90 శాతం. పాత కుట్ల చోట గర్భసంచి చిట్లే ప్రమాదం 200 మందిలో ఒకరికి. ఇది చిన్న ప్రమాదం కాదు, బిడ్డ ప్రాణం నిమిషాల మీద ఆధారపడే స్థితి. కానీ కాన్పు కారణంగా బిడ్డను కోల్పోయే అవకాశాన్ని మొత్తంగా లెక్కిస్తే, అది తొలిచూలు కాన్పులో ఉండే ప్రమాదంతో సమానమేనని అవే మార్గదర్శకాలు అంటున్నాయి. తొలిచూలు గర్భిణికి నొప్పులు రానిద్దామని అందరం ఒప్పుకుంటాం. రెండోసారి అంతే ప్రమాదాన్ని సాహసం అంటున్నాం.

ఇక ఒంటిని వదులు చేసుకోవడం ఎందుకు పనికొస్తుందన్నది చూద్దాం. భయం కండరాలను బిగిస్తుంది, బిగుతు నొప్పిని పెంచుతుంది, నొప్పి మళ్లీ భయాన్ని పెంచుతుంది అన్న వలయాన్ని బ్రిటిష్ వైద్యుడు గ్రాంట్లీ డిక్ రీడ్ 1930లలోనే ప్రతిపాదించారు. ఆయన భాషలో ఇప్పటి మహిళలకు మింగుడుపడనివి చాలానే ఉన్నాయి. మూల ఊహ మాత్రం పూర్తిగా కొట్టివేయదగ్గది కాదు. భయపడినప్పుడు పెరిగే అడ్రినలిన్ గర్భసంచి సంకోచాలను మందగింపజేస్తుంది. 2012లో అచ్చయిన ఒక నార్వే అధ్యయనం 2,206 మందిని పరిశీలించి, కాన్పు అంటే తీవ్రంగా భయపడే వారికి నొప్పుల సమయం సగటున 47 నిమిషాలు ఎక్కువని లెక్కగట్టింది. మామూలు గర్భిణికి ఆ ముప్పావుగంట పెద్ద విషయం కాకపోవచ్చు. పాత కోత ఉన్న ఆమెకు మాత్రం లెక్క వేరు. నొప్పులు మందగిస్తే మామూలుగా ఆక్సిటోసిన్ డ్రిప్ పెడతారు. మచ్చ ఉన్న గర్భసంచికి మందులతో నొప్పులు తెప్పించినా, పెంచినా చిట్లే ప్రమాదం రెండు మూడు రెట్లు పెరుగుతుంది. అందువల్ల ఆమె విషయంలో డ్రిప్ పెట్టడానికి డాక్టరు వెనకాడతారు, చివరికి థియేటరుకే తీసుకెళ్తారు. నొప్పులు వాటంతట అవే సాగడం అందరికంటే ఈమెకే ఎక్కువ అవసరం.

ఇంతవరకూ సిద్ధాంతం బాగానే ఉంది. ప్రయోగాల్లో తేలినదేమిటి? రిలాక్సేషన్ పద్ధతులపై, వైద్య ప్రయోగాలను క్రోడీకరించే కొక్రేన్ సంస్థ 2018 నాటి సమీక్ష, అవి తొలిదశ నొప్పి తీవ్రతను కొంత తగ్గించవచ్చంది. కాన్పు జరిగే తీరు మీద మాత్రం స్పష్టమైన తేడా కనిపించలేదు, పైగా ఆధారాల నాణ్యతే తక్కువని చెప్పింది. హిప్నాసిస్‌పై 2016లో వచ్చిన సమీక్షదీ ఇంచుమించు ఇదే తీర్పు. ఇంగ్లండులో 680 మంది తొలిచూలు గర్భిణులను రెండు జట్లు చేసి, ఒక జట్టుకు స్వీయ హిప్నాసిస్ నేర్పి చూస్తే ఎపిడ్యూరల్ (నొప్పి తెలియకుండా వెన్నులో ఇచ్చే మందు) వాడకం తగ్గలేదు. అయితే కాన్పయ్యాక అడిగితే, నేర్చుకున్న జట్టులో అసలు భయం ముందు ఊహించుకున్నదానికంటే తక్కువగా తేలింది. వీటిలో ఏదీ పాత కోత ఉన్నవారి కోసమే జరిగినది కాదు. కాబట్టి ‘మా తరగతికి వస్తే సిజేరియన్ తప్పుతుంది’ అనే ప్రచారానికి రుజువు లేదు. అది హాని చేసే ప్రచారం కూడా. సరైన పరిస్థితుల్లో ప్రయత్నించిన వారిలోనూ ప్రతి నలుగురిలో ఒకరికి మళ్లీ కోత తప్పదు. ఆ నాలుగో ఆమె ‘నేను సరిగ్గా ఊపిరి తీయలేదు, మనసు నిలపలేకపోయాను’ అని కుమిలిపోవలసి వస్తే, ఆ సాధన ఆమెకు చేసిన మేలు ఏమిటి? కటి ఎముకల తీరు, బిడ్డ తల తిరిగిన వైపు ధ్యానానికి లొంగేవి కావు.

రుజువు గట్టిగా ఉన్న సంగతి ఇంకొకటి ఉంది. అది తరగతి గదిలో కాదు, లేబర్ రూమ్‌లో ఉంది. కాన్పు పూర్తయ్యేదాకా ఒక మనిషి విడవకుండా పక్కన ఉంటే సహజ కాన్పులు పెరుగుతాయని, సిజేరియన్లు నాలుగో వంతు దాకా తగ్గుతాయని 17 దేశాల్లో 15,000 మందికి పైగా స్త్రీలపై జరిగిన ప్రయోగాలను 2017లో క్రోడీకరించిన కొక్రేన్ సమీక్ష తేల్చింది. ప్రశాంతత ఒంటరిగా కూర్చుని సంపాదించేది కాదు, పక్కన ఉన్న మనిషి నుంచి అందేది అని దీన్నిబట్టి అర్థం చేసుకోవాలి. మన దగ్గర ఏం జరుగుతోంది? ప్రభుత్వ ఆసుపత్రుల్లో కాన్పు వేళ తోడుగా ఒక స్త్రీని అనుమతించాలని కేంద్రం 2016లోనే చెప్పింది. అయినా చాలాచోట్ల అమ్మనో అత్తనో లేబర్ రూమ్ తలుపు దగ్గరే ఆపేస్తారు. లోపల వరుస మంచాలు, చాటుకు తెర ఉండదు, లేచి నడిచే వీలుండదు, గట్టిగా అరిస్తే కసురుకునే మాటలు. ఆ గదిలోకి పంపి ‘ఒళ్లు వదులు చేసుకోమ్మా’ అనడం వెటకారంలా ఉంటుంది. 2017లో తెలంగాణ ప్రభుత్వం యునిసెఫ్, ఫెర్నాండెజ్ ఫౌండేషన్‌లతో కలిసి కరీంనగర్‌లో, కాన్పులు చూసే ప్రొఫెషనల్ మిడ్‌వైఫ్‌ల శిక్షణ మొదలుపెట్టింది. మరుసటి ఏడాది కేంద్రం మిడ్‌వైఫరీ మార్గదర్శకాలు తెచ్చింది. శ్వాస, కదలిక, భంగిమలు, ధైర్యం చెప్పడం ఈ వృత్తిలో భాగమే. గర్భిణి ఇంట్లో ఫోన్లో విని నేర్చుకున్న సాధన, నొప్పుల వేళ దాన్ని గుర్తుచేసే మిడ్‌వైఫ్ ఉన్నప్పుడే అక్కరకొస్తుంది.

డాక్టర్ల భయమూ నిజమైనదే. దాన్ని డబ్బు యావగా కొట్టిపారేయడం సులభం, అన్యాయం కూడా. అమెరికాలో పాత కోత ఉన్నవారిలో వీబ్యాక్‌లు 1996లో 28.3 శాతానికి చేరాయి. అత్యవసర ఆపరేషన్ చేసే బృందం వెంటనే అందుబాటులో ఉండాలని అక్కడి ప్రసూతి వైద్యుల సంఘం 1999లో నిబంధన పెట్టింది. ప్రోస్టాగ్లాండిన్ మందులతో నొప్పులు తెప్పించిన చోట ప్రతి వెయ్యిలో 24.5 చిట్లిన కేసులు వచ్చాయని 2001లో ఒక పెద్ద అధ్యయనం బయటపెట్టింది. పదేళ్లు తిరక్కుండా అక్కడి వీబ్యాక్ రేటు పది శాతం కిందికి పడిపోయింది. ఆ పదేళ్లలో స్త్రీల శరీరాలేమీ మారలేదు, ఆసుపత్రులు భయపడ్డాయి. మన జిల్లా కేంద్రాల్లో ఒక్క డాక్టరే నడిపే నర్సింగ్ హోమ్‌కు రాత్రి రెండు గంటలకు మత్తు డాక్టరు రావాలి, రక్తం దొరకాలి, థియేటర్ సిద్ధంగా ఉండాలి. ఇవి లేనిచోట ఉదయం పదింటికి కోత నిర్ణయించే డాక్టరును తప్పుపట్టలేం. అలాంటి చోట ప్రయత్నించకపోవడమే మేలు. అది గర్భిణికి ముందే చెప్పి, వసతి ఉన్న ఆసుపత్రికి పంపకపోవడమే తప్పు.

నొప్పిని ఓర్చుకోవడం నేర్పితే ప్రమాద సూచన కూడా మరుగున పడదా అన్నది బలమైన అభ్యంతరం. మరుగున పడకూడదంటే సాధనతో పాటే కొన్ని విషయాలు నేర్పాలి. నొప్పికీ నొప్పికీ మధ్య కూడా తగ్గకుండా పాత కోత దగ్గర సలపరం, రక్తస్రావం, సాగుతున్న నొప్పులు ఉన్నట్టుండి ఆగిపోవడం ఓర్చుకోవలసినవి కావు, వెంటనే చెప్పవలసినవి. చాలాసార్లు మొదటి సూచన బిడ్డ గుండె చప్పుడు తగ్గడం. అందుకే ఈ కాన్పులో దాన్ని నిరంతరం గమనించాలంటారు. ఇంట్లో దీపాల వెలుగులో వీబ్యాక్ అని ఊరించే వీడియోలు ఈ ఒక్క కారణంగానే పక్కన పెట్టదగ్గవి.

ఇంకో అభ్యంతరం పూర్తిగా మనది. తెలుగు రాష్ట్రాల్లో చాలా కుటుంబాలు ఇద్దరితో చాలనుకుంటాయి, రెండో సిజేరియన్‌తో పాటే ట్యూబెక్టమీ చేయించేస్తాయి. పదే పదే కోస్తే వచ్చే పెద్ద ముప్పు తర్వాతి గర్భాల్లో కదా. మాయ గర్భసంచి ముఖద్వారానికి అడ్డంగా ఉన్న గర్భిణుల్లో అది గోడలోకి చొచ్చుకుపోయే అవకాశం మొదటి సిజేరియన్ నాడు 3 శాతం, రెండోదాని నాడు 11, మూడోదాని నాడు 40 అని 2006 నాటి ఒక అమెరికన్ అధ్యయనం లెక్కతేల్చింది. మూడో గర్భమే లేకపోతే ఈ వాదన బరువు తగ్గుతుంది. ఒప్పుకోవాలి. అలాంటి స్త్రీ అన్నీ విని, నాకు కోతే నయం అంటే అది సబబైన నిర్ణయం. కానీ ఆమెకు ఎవరైనా అన్నీ చెప్పారా? ఇంట్లో చంటిపిల్లాణ్ని పెట్టుకుని కడుపు మీద కుట్లతో వారాల తరబడి బరువెత్తలేని స్థితి, పేగులు అతుక్కునే ఇబ్బంది కూడా తూకంలో వేయాలి. మొదటి ఆపరేషన్ డిశ్చార్జి కాగితం మీద కోత ఎలా పెట్టారో, ఎందుకు పెట్టాల్సి వచ్చిందో స్పష్టంగా రాయకపోతే ఆ తూకమే కుదరదు.

కోత ఖాయమైనవారికీ ఈ సాధన దండగ కాదు. వెన్నుకు మత్తిచ్చాక ఆమె మెలకువగానే ఉంటుంది, థియేటర్ చలిలో వణుకుతూ ఉంటుంది. ఆ కాసేపు ఊపిరిని ఆధారం చేసుకోగలిగితే అదీ ప్రయోజనమే. కాబట్టి రిలాక్సేషన్‌ను వీబ్యాక్ చిట్కాగా అమ్మకుండా, ఆరోగ్య కేంద్రాల్లో గర్భిణుల నెలవారీ పరీక్షల్లో అందరికీ ఉచితంగా నేర్పవచ్చు. సిజేరియన్లను పది వర్గాలుగా విడదీసి లెక్కించే రాబ్సన్ పద్ధతిని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లోనే సిఫారసు చేసింది. అందులో అయిదో వర్గం పాత కోత ఉన్న తల్లులదే. ఎంతమందికి ప్రయత్నించే అవకాశం ఇచ్చారు, ఎంతమందికి సఫలమైంది అన్న అంకెలను ప్రతి ఆసుపత్రీ బయటపెట్టాలని రెండు తెలుగు రాష్ట్రాల ప్రభుత్వాలూ ఆదేశిస్తే, తరగతికి డబ్బు కట్టే ముందే తాను చేరబోయే చోట ఆ ప్రయత్నానికి అసలు తావుందో లేదో గర్భిణికి తెలిసిపోతుంది.