పుట్టుమచ్చ దాకా రాసిపెట్టారు
మా జవహర్‌నగర్‌లో ముత్తాత పేరు చెప్పమంటే చాలామంది తాత దగ్గరే ఆగిపోతారు. హైదరాబాద్ తార్నాకలో తెలంగాణ రాష్ట్ర ఆర్కైవ్స్ ఉంది. నిజాం కాలపు ఫార్సీ, ఉర్దూ కాగితాలు అక్కడ గుట్టలు. ఆ గుట్టల్లో దొరికేది ఎక్కువగా జాగీర్దార్లు, అధికారులే. మామూలు రైతు ఆనవాలు కావాలంటే 1954-55 ఖాస్రా పహాణీ నకలు తీయించాలి: సర్వే నంబరు పక్కన పట్టాదారు, అతని తండ్రి, సాగులో ఉన్న మనిషి. ఆ లెక్కన గుంట భూమి లేనివాడికి చరిత్రే లేదు. చిత్రమేమిటంటే, 1860 నుంచి 1911 దాకా దక్షిణాఫ్రికాలోని నేటాల్ చెరకు తోటలకు మద్రాసులో ఓడెక్కిన కూలీల పేరు, తండ్రి పేరు, ఊరు, కులం, చివరికి ఒంటిమీది మచ్చలు కూడా ఓడ జాబితాల్లో భద్రంగా ఉన్నాయి. డర్బన్‌లో ఉన్న మునిమనవడు విశాఖ జిల్లాలో తన ఊరు పట్టుకోగలడు; ఊళ్లోనే జీతం చేసి పోయిన పాలేరు మునిమనవడికి ఆ దారి లేదు. శిస్తో, కూలి ఒప్పందమో ఉంటే తప్ప సర్కారు మామూలు మనిషి పేరు రాసుకోవడం అరుదు. ఆ కాగితాలకంటే, ఆశ్రిత కులాలైన పిచ్చుకుంట్లవాళ్లు పాడే గోత్రాలు, డక్కలివాళ్లు చెప్పే కులపురాణమే నాకు పెద్ద దస్త్రం (అందులోనూ ఆడవాళ్ల పేర్లు వెతుక్కోవాల్సిందే అనుకోండి). పహాణీ చేతికొచ్చాక పట్టాదారు గడి ఒక్కటే చూసి మడిచేయకండి. సాగుదారు గడిలో వేరే పేరుంటే, మీ పూర్వీకుడు ఆయనే కావచ్చు.