ఇంటిపన్ను పుస్తకము ఎవరిది?

పట్టణవాసి గడపకు ఏటేట వచ్చు తాఖీదులలో ఇంటిపన్ను తాఖీదు ఒకటి. అందు ఇంటి నంబరుండును, చెల్లింపవలసిన మొత్తముండును, గడువుండును, గడువు దాటినచో పడు వడ్డీయు నుండును. ఆ మొత్తము ఏ లెక్కపై తేలినదో, ప్రక్కయింటికి ఎంత తేలినదో, రెంటికిని గల తేడాకు కారణమేమో మాత్రముండదు. గృహస్థుడు తాఖీదును రెండు మారులు త్రిప్పి చూచి, నిట్టూర్చి, పైకము చెల్లించును. ఈ నిట్టూర్పును గూర్చియే నేడు మేము రెండు మాటలు చెప్పదలచినాము.

మా యెఱుకలో ఒక పట్టణమున పింఛనుపై జీవించు ఉపాధ్యాయుడొకరు గలరు. ఆయనది తండ్రినాటి పెంకుటిల్లు. మునిసిపల్ పుస్తకమున అది శ్లాబు ఇల్లని నమోదైనది. ఆ తప్పుతోడనే ఆయన పెక్కేండ్లు పన్ను చెల్లించెను. ఒకనాడు ఎదురింటివారి రశీదు యాదృచ్ఛికముగ కంటబడినప్పుడు గాని అనుమానము కలుగలేదు. పిటిషను పెట్టగా తప్పు దిద్దిరి. కడచిన ఏండ్ల పైకము మాత్రము తిరిగి రాలేదు. ఇందు ఉద్యోగుల దురుద్దేశమేమియు మాకు గోచరింపలేదు. వ్రాతలో దొర్లిన తప్పు మూసిన పుస్తకములో నిక్షేపమువలె భద్రముగ నుండెను, అంతియే. న్యాయము ఎదురింటివారి రశీదుపై ఆధారపడవలసి వచ్చుట పౌరునకు గౌరవమా? ప్రభుత్వమునకు గౌరవమా?

పన్ను వేరు, మదింపు వేరు. పన్ను రేటు పాలకవర్గము బహిరంగముగ నిర్ణయించునది. దానిపై సభలు జరుగును, నిరసనలు చెలరేగును, పత్రికలు వ్రాయును. మదింపు అట్లు గాదు. అది ఒక్కొక్క ఇంటికి ఒక్కొక్కటిగా, నిశ్శబ్దముగా, కాగితములపై జరుగు కార్యము. ఆంధ్రప్రదేశమున 2020లో మునిసిపల్ చట్టములను సవరించి, 2021 ఏప్రిల్ 1 మొదలుగ అద్దె విలువకు బదులు ఆస్తి మూలధన విలువపై పన్ను విధించు పద్ధతిని ప్రవేశపెట్టిరి. నివాస గృహములకు ఆ విలువలో నూటికి 0.10 మొదలు 0.50 వరకు రేటు నిర్ణయించుటకు వీలు కల్పించిరి. 375 చదరపుటడుగులకు మించని సొంత నివాసమునకు ఏటికి 50 రూపాయలే యనిరి. ఏటి పెంపు నూటికి 15 మించరాదనిరి. నాడు పట్టణములందు రేగిన చర్చ యంతయు ఈ రేట్ల చుట్టును, ఈ పెంపు చుట్టును తిరిగినది. కాని 375 అడుగుల యిల్లు 380 అడుగులుగ నమోదైనచో ఏమగును? నలుబదియేండ్ల కట్టడము పదియేండ్లదిగ వ్రాయబడినచో ఏమగును? రేటు ఎంత న్యాయమైనదైనను, కొలత తప్పినచోట న్యాయము తప్పును. తూనికరాళ్లు సరియైనవే కావచ్చును. త్రాసు ముల్లును చూడనీయని వర్తకుని ఎవరు నమ్ముదురు?

మదింపు తప్పైనచో పిటిషను పెట్టుకొనుటకు చట్టము హక్కిచ్చినది గదా యని కొందరందురు. నిజమే. ఏండ్ల తరబడి కోర్టుమెట్లెక్కి దిగిన మాకు ఆ హక్కు విలువ తెలియును. దాని లోటును తెలియును. ఇంటిపన్ను తగాదాలో ప్రధానమైన సాక్ష్యము ఇరుగుపొరుగు ఇండ్లు. అదే వీధి, అదే కొలత, అదే కట్టుబడి, కాని వేరు విలువ అని చూపగలిగిననాడే పిటిషనుకు బలము. పొరుగింటి లెక్క చూడనీయక పిటిషను హక్కిచ్చుట కన్నులకు గంతలు కట్టి త్రోవ చూపుట వంటిది.

ఇది నూతనముగ పుట్టిన కోరిక కాదు. పరాయి పాలనలో చేయబడిన 1888 నాటి బొంబాయి మునిసిపల్ చట్టమే మదింపు పుస్తకమును తనిఖీకి తెరచి యుంచవలెనని శాసించినది. తన యింటికి సంబంధించిన పుటలను సొంతదారు రుసుము లేకయే చూచి నకలు వ్రాసికొనవచ్చును. ఇతరులు కొంత రుసుము చెల్లించి చూడవచ్చును. నాడు కచేరికి నడచిపోయి చూడవలసిన పుస్తకమును నేడు అంతర్జాలమున ఇంటనుండియే చూడగల సాధనములు మనకున్నవి. మన రెండు రాష్ట్రములందును బాకీ యెంతో ఇంటనుండియే చూచుకొని, ఇంటనుండియే చెల్లింపవచ్చును. వసూలునకు తెరచిన ఆ వాకిలిని విమర్శకును తెరువుడని మాత్రమే మేము కోరుచున్నాము.

తెరచిన పుస్తకమువలన ఏమగునో అమెరికా దేశములో చూడవచ్చును. మన తెలుగువారు విస్తారముగ స్థిరపడిన టెక్సాసు రాష్ట్రమున ప్రతి కౌంటీకి ఒక మదింపు సంస్థ కలదు. జనవరి 1 నాటి విలువను కట్టి వసంతకాలమున గృహస్థునకు తెలుపుదురు. మే 15లోగా గాని, తాఖీదు అందిన ముప్పది దినములలోగా గాని, ఏది తరువాతిదైన దానిలోగా ఆక్షేపణ తెలుపవచ్చును. పౌరులతో కూడిన సమీక్షామండలి ఆ ఆక్షేపణను వినును. తన యింటి విలువ హెచ్చుగ కట్టిరనుట ఒక ఆక్షేపణ. తన యిల్లును పోలిన ఇండ్లతో సమముగ కట్టలేదనుట మరియొక ఆక్షేపణ. ఈ రెండవదానిని చట్టము వేరుగ అంగీకరించినది. పొరుగిండ్ల విలువలు అంతర్జాలమున ఎల్లరకును కనబడుటచేతనే ఆ ఆక్షేపణకు ప్రాణము కలిగినది.

షికాగో నగరమున్న కుక్ కౌంటీలో జరిగినది ఇంకను గమనింపదగినది. 2017లో షికాగో ట్రిబ్యూన్ పత్రిక పెక్కేండ్ల మదింపులను విక్రయ ధరలతో సరిపోల్చి ప్రకటించినది. తక్కువ ధరకు అమ్ముడుపోవు ఇండ్లకు ఉండవలసినదానికంటె హెచ్చుగను, భారీ ధర పలుకు ఇండ్లకు తక్కువగను విలువ కట్టబడినదని తేలినది. పైగా ఆక్షేపణలు తెలిపి తగ్గింపు పొందినవారిలోను సంపన్నులే ముందుండిరి. పేదవాని పన్ను ధనికుని భారమును మోయుచుండెను! మరుసటి ఏడు, 2018 మార్చిలో, నాటి మదింపు అధికారి తన పార్టీలోని ప్రాథమిక ఎన్నికలోనే ఓడిపోయెను. తరువాత వచ్చిన అధికారి విలువ కట్టు గణన విధానమునే ప్రజల యెదుట పెట్టెను. ఒక్కొక్క గృహస్థుడు తన యింటి లెక్కను మాత్రమే చూచుకొనుచున్నంతకాలము ఈ అన్యాయము తెలియునది కాదు. అందరి లెక్కలు ఒక్కచోట చేర్చి చూచినప్పుడే తెలిసినది.

ఇక ఆక్షేపణ లేకపోలేదు. నా యిల్లు, నా యాస్తి ఊరందరికిని ఏల తెలియవలెనని అడుగువారున్నారు. ఈ ప్రశ్నను మేము తేలికగ త్రోసివేయము. దొంగకు ఇంటి నక్షా అందించుట పారదర్శకత కాదు. భర్త హింసనుండి తప్పించుకొని వేరొకచోట తలదాచుకొన్న స్త్రీ చిరునామాను ఆమె పేరుతో వెదకి పట్టుకొను వీలు కల్పించుట ధర్మము కాదు. టెక్సాసువారు దీనికి మార్గము కనుగొనిరి. నివాస గృహముల ఛాయాచిత్రములను, కొలతల నక్షాలను, గదుల పటములను అంతర్జాలమున ఉంచరాదని 2005లో శాసించిరి. న్యాయాధిపతులు, పోలీసు ఉద్యోగులు, గృహహింసకు గురియైనవారు కోరినచో వారి చిరునామాను గోప్యముగ నుంచుదురు. ఇంటి వెలుపలి గోడవరకు లెక్క ప్రజలది. గడప లోపలిది గృహస్థునిది. ఈ సరిహద్దు మాకు సమంజసముగ తోచుచున్నది.

మన దేశమున ఈ సరిహద్దు ఇప్పుడు మరింత జాగ్రత్తగ గీయవలసి యున్నది. 2005 నాటి సమాచార హక్కు చట్టము 8వ సెక్షనులో వ్యక్తిగత సమాచారమును గూర్చిన నిబంధనను 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టము సవరించి, నిరాకరించు అధికారమును విశాలము చేసినది. మదింపు పుస్తకము వ్యక్తిగతమని ఒక్క మాటతో అధికారి తలుపు మూయవచ్చును. ప్రజాప్రయోజనము హెచ్చుగ నున్నచో సమాచార మీయవచ్చునను ఉపసెక్షను ఇంకను నిలిచియే యున్నది; కాని దానికై ప్రతి గృహస్థుడును పోరాడవలెనా? అడిగించుకొనక తామే ప్రకటింపవలసిన ధర్మము పురపాలక సంఘములది.

కావున మేము కోరునది స్వల్పము. ప్రతి వీధికిని ఇంటి నంబరు వరుసను, స్థలము కొలత, కట్టడపు విస్తీర్ణము, కట్టుబడి రకము, వయస్సు, వినియోగము, కట్టిన విలువ, విధించిన పన్ను, ఇచ్చిన మినహాయింపు, కడచిన ఏండ్ల లెక్కలతో అంతర్జాలమున ప్రకటింపవలెను. పేరుతో వెదకు వీలు ఉండనక్కరలేదు. ఫోను నంబరులు, లోపలి పటములు ఎంతమాత్రము ఉండరాదు. యంత్రములు లేనివారికై అదే జాబితాను అచ్చువేసి, ఆక్షేపణల గడువు తీరకముందే వార్డు కచేరిలోను, పఠన మందిరములోను ఉంచవలెను.

పఠన మందిరములలో ఈ పుటను చదువు సోదరులకు ఒక మనవి. ఈ ఏటి తాఖీదును పెట్టెలో దాచక ముందు అందలి కొలతను మీ యింటి గోడతో సరిచూడుడు. మీ వీధివారు పదిమంది కూడి తమ తాఖీదులను ఒక్క బల్లపై పరచి చూడుడు. తప్పులు తేలినచో కలసి పిటిషను పెట్టుడు. తేలనిచో నమ్మికతో పన్ను చెల్లింపుడు. నమ్మికతో చెల్లించు పన్ను కప్పమగుట తప్పి, మన వీధి దీపమునకు, మన కొళాయి నీటికి మనమిచ్చు చందా యగును. ఆ నమ్మిక కలిగించుటకు పురపాలక సంఘములు చేయవలసినది పుస్తకమును తెరచుటయే.