కుక్క నోటి తడి, మన చేతిలో రాయి

మన ఇళ్లలో పిల్లలకు మాటలు రాగానే నేర్పే మసాయిల్‌లో కుక్క మస్లా ఒకటి. "బేటా, దూర్ హటో, కుత్తా నాపాక్ హై" అంటాం. అంతటితో ఆ తాలీమ్ ఖతమ్. ఏది నాపాక్, ఎంతవరకు నాపాక్, తగిలితే ఏం చేయాలి, కరిస్తే ఎక్కడికి పోవాలి, అది గుర్రుమంటే దాని మతలబ్ ఏమిటి, ఇవేవీ చెప్పం. దాంతో పిల్లవాడి దగ్గర మిగిలేవి ఖౌఫ్, నఫ్రత్. ఖౌఫ్ ఉన్నవాడు పరిగెత్తుతాడు. నఫ్రత్ ఉన్నవాడు రాయి విసురుతాడు. కుక్క వెంటపడి కరవడానికి ఈ రెండూ చాలు.

తహారత్ మస్లా తన జాగాలో ఉంది, దాన్ని ఎవరూ కదపక్కర్లేదు. నా షికాయత్ వేరే. ఆ మస్లాను బహానాగా పెట్టుకుని మనం కుక్క గురించి ఏమీ తెలుసుకోకుండా ఉండిపోయాం. ఆ జహాలత్ వల్ల నుక్సాన్ మన పిల్లల మీదే పడుతోంది.

ముందు మస్లా సంగతే చూద్దాం. తెలుగు ప్రాంతాల్లో మనం ఎక్కువమందిమి హనఫీలం. హనఫీ ఫిఖ్హ్‌లో ఉలమా ఫత్వా ఇచ్చే మాట ప్రకారం కుక్క నోటి తడి నజిస్. పొడిగా ఉన్న కుక్క ఒళ్లు మన షల్వార్‌కో లుంగీకో రాసుకున్నంత మాత్రాన బట్టలు నాపాక్ కావు. నోటి తడి అంటితే అంటిన చోటు కడుక్కోవాలి. వజూ మాత్రం తెగదు. గిన్నెలో నోరు పెడితే ఏడుసార్లు కడగమని, అందులో ఒకసారి మట్టితో తోమమని హదీసుల్లో ఉంది. మూడుసార్లు తప్పనిసరి, ఏడుసార్లు ఇంకా మంచిది అని హనఫీ ఉలమా అన్నారు. షాఫయీ మజ్‌హబ్‌లో కట్టుదిట్టం ఇంకా ఎక్కువ. హైదరాబాద్ బార్కస్‌లోని అరబ్ ఖాందాన్లు దాని మీద నడుస్తాయి. మాలికీ మజ్‌హబ్‌లోనైతే బతికున్న కుక్క పాకే. ఇంత పెద్ద ఇమాముల మధ్య ఇంత బహెస్ ఉన్న మస్లాను మనం "ఛీ" అన్న ఒక్క ముక్కతో తేల్చేశాం.

ఇంట్లో పెంచడం వేరే సంగతి. షికార్‌కో, మందల కాపలాకో, పొలం కాపలాకో తప్ప కుక్కను పెంచుకుంటే రోజూ సవాబ్‌లోంచి ఖీరాత్ లెక్కన కోత పడుతుందని సహీ హదీసులు ఉన్నాయి. కాబట్టి షౌక్ కోసం కుక్కను తెచ్చి పరుపు మీద పడుకోబెట్టుకోమని నేను ఎవరికీ చెప్పను. కానీ గల్లీ కుక్కకు ఇన్ని నీళ్లు పోయడం దాన్ని పెంచుకోవడం కిందికి రాదు. దాహంతో నాలుక బయటపెట్టి మట్టి నాకుతున్న కుక్కకు బావిలో దిగి మోజాలో నీళ్లు నింపి తాగించిన మనిషిని అల్లాహ్ మాఫ్ చేశాడని, ప్రాణమున్న ప్రతి మఖ్లూఖ్ విషయంలోనూ అజ్ర్ ఉందని చెప్పింది మన నబీ సల్లల్లాహు అలైహి వసల్లమే. బుఖారీలోనూ ముస్లింలోనూ ఉన్న రివాయత్ అది. సూరా కహఫ్‌లో గుహవాళ్లతో పాటు గుమ్మం దగ్గర ముందు కాళ్లు చాచి పడుకున్న కుక్క ప్రస్తావన ఉంది. సూరా మాయిదాలో నేర్పించిన షికారీ కుక్క పట్టి తెచ్చిన వేటకు ఇజాజత్ ఉంది. నజిస్ అన్న హుకుం, రహమ్ అన్న హుకుం ఒకే దీన్‌లో పక్కపక్కనే ఉన్నాయి. మనం ఒకటి గుర్తుపెట్టుకుని రెండోది వదిలేశాం.

ఇక అసలు డర్ సంగతి. మా మొహల్లాలో ఒక పిల్లవాడు మదర్సా నుంచి వస్తూ కుక్క పిల్లను ముట్టుకున్నాడు. తల్లి కుక్క వచ్చి పిక్క మీద పన్ను దించింది. వాడు ఇంట్లో చెప్పలేదు. కరిచినందుకు కాదు, ముట్టుకుని నాపాక్ అయ్యావని దాదీ తిడుతుందని. పైజామా కిందికి లాక్కుని రెండు రోజులు తిరిగాడు. జుమ్మా స్నానం చేయిస్తూ వాళ్ల అమ్మీ చూసింది కాబట్టి దవాఖానాకు తీసుకెళ్లారు. అల్‌హందులిల్లా, వాడు బాగున్నాడు. కానీ ఆ గురువారం, శుక్రవారం ఆ ఇంట్లో ఎవరికీ తెలియకుండా మౌత్ కూర్చుని ఉండొచ్చు. రేబిస్ లక్షణాలు ఒకసారి బయటపడితే దాదాపు ఎవరూ బతకరు. అవి బయటపడేలోగా చేయాల్సింది చేస్తే ప్రాణం దక్కుతుంది. నీళ్లు చూసి భయపడే దశకు వచ్చాక ఏ డాక్టరూ ఏమీ చేయలేడు.

అందుకే ప్రతి ఇంట్లో పిల్లలకు ముందు చెప్పాల్సిన మాట ఇది: కుక్క కరిచినా, గీరినా, పుండు మీద నాకినా వెంటనే వచ్చి చెప్పు బేటా, ఎవరూ తిట్టరు.

చెప్పాక మనం చేయాల్సింది. గాయాన్ని పారే నీళ్ల కింద సబ్బుతో 15 నిమిషాలు గడియారం చూసి కడగాలి. పసుపు, కారం, సున్నం, కాఫీ పొడి ఏదీ పెట్టొద్దు. గట్టిగా కట్టు కట్టొద్దు. అదే రోజు సర్కారీ దవాఖానాకు వెళ్లాలి, అక్కడ టీకా ముఫ్త్. కండలోకి ఇచ్చే పద్ధతిలో 0, 3, 7, 14, 28 రోజుల్లో, చర్మంలోకి ఇచ్చే పద్ధతిలో 0, 3, 7, 28 రోజుల్లో సూదులు ఉంటాయి. నెత్తురు వచ్చేలా కరిస్తే గాయం చుట్టూ ఇమ్యునోగ్లోబులిన్ కూడా వేయాలి, అడగండి. బొడ్డు చుట్టూ 14 సూదులు అన్న పాత భయం ఇంకా మన పెద్దల్లో ఉంది. అవి బందై 20 ఏళ్లు దాటింది. ఇప్పుడు వేసేది జబ్బకే. రెండు సూదులయ్యాక గాయం మానిందని మిగతావి ఎగ్గొట్టొద్దు. కుక్క పది రోజులు బతికి ఉంటుందో లేదో చూసి అప్పుడు మొదలుపెడదాం అని కూర్చోవద్దు. రోజాలో ఉన్నా వాయిదా వేయొద్దు, కండలోకి వేసే సూదితో రోజా తెగదని ఎక్కువమంది ముఫ్తీలు చెప్పారు. దమ్ చేయించుకుంటారా, చేయించుకోండి, మనా లేదు. ముందు సబ్బు, తర్వాత సూది, ఆ తర్వాత దమ్.

కరవకుండా చూసుకోవడం ఇంకా మేలు. కుక్క చాలాసార్లు కరిచే ముందు ఖబర్దార్ చెబుతుంది. ఒళ్లు బిగబట్టి నిలబడడం, రెప్ప వేయకుండా చూడడం, పెదవి పైకెత్తి గుర్రుమనడం ఆ హెచ్చరికే. తోక ఊపితే ఖుషీగా ఉందని అనుకోవద్దు. నిటారుగా లేపి బిగుసుగా ఊపే తోక కోపం కావచ్చు. తోక కాళ్ల మధ్య ముడుచుకుని చెవులు వెనక్కి వాల్చిన కుక్క భయపడుతోంది. మూలకు నెడితే అదీ కరుస్తుంది. తింటున్నప్పుడు, పడుకున్నప్పుడు, పిల్లలతో ఉన్నప్పుడు దాని దగ్గరికి వెళ్లొద్దు. మీదికి వస్తే పరిగెత్తొద్దు. చేతులు ఒంటికి ఆనించి, పక్కకు తిరిగి, దాని కళ్లలోకి చూడకుండా చెట్టులా నిలబడి, మెల్లగా వెనక్కి జరగాలి. కింద పడితే ముడుచుకుని మెడ, చెవులు చేతులతో కప్పుకోవాలి. ఫజర్‌కు చీకట్లో మస్జిద్‌కు పోయేవాళ్లు టార్చి పట్టుకుని ఇద్దరు ముగ్గురు కలిసి వెళ్లండి. కుక్కలు వెంటపడితే బండి వేగం పెంచకుండా తగ్గించండి. పిల్లలు సరదాగా విసిరే రాయి ఆ కుక్కకు గుర్తుంటుంది. తర్వాత అటు వెళ్లే బుజుర్గుకో, ట్యూషన్ నుంచి వచ్చే ఆడపిల్లకో ఆ రాయి లెక్క అప్పజెబుతుంది.

తిండి విషయానికి వస్తే, మన దస్తర్‌ఖాన్ మీద మిగిలింది పారబోస్తే సవాబ్ వస్తుందని అనుకుంటాం. బిర్యానీలో బిరిస్తా ఉంటుంది, సాలన్‌లో వెల్లుల్లి ఉంటుంది. ఉల్లి, వెల్లుల్లి కుక్క నెత్తుటిలోని ఎర్ర కణాలను దెబ్బతీస్తాయి. షీర్‌ఖుర్మాలోని కిష్మిష్ దాని మూత్రపిండాలను పాడుచేయగలదు. ఉడికిన ఎముకలు చీలి గొంతులో, పేగుల్లో గుచ్చుకుంటాయి. ఈద్ రోజు ప్రేమగా పెట్టేవే దానికి జహర్. పెట్టాలనుకుంటే ఉప్పూకారం లేని తెల్లన్నంలో ఉడికించిన గుడ్డో, ఎముక తీసిన చికెనో కలిపి పెట్టండి. పాలు చాలా పెద్ద కుక్కలకు అరగవు, విరేచనాలు పడతాయి. ఎండాకాలంలో గోడ నీడన ఒక మట్టి తొట్టిలో నీళ్లు చాలు, రోజూ మారుస్తూ ఉండండి. ఇంటి గుమ్మం ముందు, మెట్ల దగ్గర, మస్జిద్ గేటు దగ్గర, పిల్లలు ఆడుకునే చోట మాత్రం పెట్టొద్దు. 2023 నాటి జంతు జనన నియంత్రణ నియమాలు కూడా తిండి పెట్టే చోటు వీటికి దూరంగా ఉండాలనే చెబుతున్నాయి. పెట్టిన చోటు శుభ్రం చేయడం పెట్టినవాళ్ల జిమ్మేదారీ.

ఇక్కడ ఒక ఎతిరాజ్ వస్తుంది. 2023 ఫిబ్రవరిలో హైదరాబాద్ అంబర్‌పేటలో నాలుగేళ్ల బాబును కుక్కలు చంపేశాయి. ఆ తండ్రికి ఎవరైనా వెళ్లి రహమ్ గురించి చెబుతారా? నేను చెప్పను. బిడ్డ ప్రాణం ముందు. కరిచే కుక్కను, పిచ్చి పట్టిన కుక్కను పట్టుకెళ్లమని మున్సిపాలిటీని నిలదీయడం మన హఖ్. కానీ గల్లీలో గుంపులు ఎలా తయారవుతున్నాయో కూడా చూడాలి. చికెన్ సెంటర్ల చెత్త, షాదీఖానాల వెనక పారబోసే ప్లేట్లు, బక్రీద్ తర్వాత రోడ్డు మీద వదిలేసిన ఓఝడీ, తోళ్లు. మనమే దస్తర్‌ఖాన్ పరిచి, వచ్చిన మెహమాన్‌ను రాళ్లతో కొడుతున్నాం. ఖుర్బానీ ఇబాదత్ అయితే, ఆ చెత్తను సంచిలో కట్టి బల్దియా బండికి ఇవ్వడం ఆ ఇబాదత్‌లో భాగమే.

గోష్త్ ముక్కలో జహర్ కలిపి పెడితే పీడా పోతుందనేవాళ్లు కూడా ఉన్నారు. అది చట్టం ముందు జుర్మ్, అల్లాహ్ ముందు గునా. పైగా ఫాయిదా కూడా లేదు. ఒక గల్లీ కుక్కలు పోతే, చెత్త ఉన్నంతకాలం పక్క గల్లీ నుంచి టీకా లేని కుక్కలు వస్తాయి. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేసి, రేబిస్ టీకా వేసి, చెవి మీద గాటు పెట్టి అదే గల్లీలో వదలడం నియమాలు చెప్పే దారి. చెవికి గాటు లేని కుక్కలు మీ గల్లీలో ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టి, నలుగురు కలిసి అర్జీ ఇవ్వండి. కార్పొరేటర్ ఓటుకు వచ్చినప్పుడు నాలాతో పాటు ఇదీ అడగండి.

మస్జిద్ కమిటీలకు నా గుజారిష్ ఒకటే. మక్తబ్‌లో వజూ ఫరాయిజ్ నేర్పిన రోజే పది నిమిషాలు ఇవీ నేర్పండి: నోటి తడి తగిలితే ఎలా కడగాలి, కుక్క వస్తే ఎలా నిలబడాలి, కరిస్తే ఎవరికి చెప్పాలి. జుమ్మా బయాన్‌లో దాహంతో ఉన్న కుక్క రివాయత్ చెప్పినప్పుడు, టీకా రోజులు కూడా చెప్పండి. పిల్లలు రెండూ ఇంటికి మోసుకెళ్తారు.