శస్త్రచికిత్స తరువాత తిరిగి పెరిగే బరువు – నింద ఎవరికి?

స్థూలకాయం తగ్గుటకై జీర్ణాశయానికి శస్త్రచికిత్స చేయించుకొనేవారు నేడు మన మధ్యతరగతి కుటుంబాలలో కూడ కనిపిస్తున్నారు. మొదటి సంవత్సరం ఆ ఇంట పండుగే. పాత దుస్తులు వదులౌతాయి. మధుమేహపు మాత్రలు తగ్గుతాయి. మోకాళ్ళ నొప్పి సర్దుకొంటుంది. రెండవ ఏటనో మూడవ ఏటనో తూకపు ముల్లు మెల్లగా పైకి ప్రాకడం మొదలౌతుంది. దానితో ఇంటిలో మాట మారుతుంది. “అన్ని లక్షలు పోసి కోయించుకొని మళ్ళీ మొదటికే వచ్చావా?” అని ఒకరు, “నోరు కట్టుకోలేకపోతే డాక్టరు మాత్రం ఏం చేస్తాడు?” అని మరొకరు. పెళ్ళి పందిరిలో బంధువులు సరేసరి: “ఏమ్మా, మళ్ళీ ఒళ్ళు చేశావే!”

ఈ మాటలు పడలేక ఆ మనిషి రెండు పనులు చేయడం తరచు చూస్తున్నాము. ఒకటి, శస్త్రవైద్యుని ముఖం చూడలేక ఆయన వద్దకు వెళ్ళడం మానివేయుట. రెండవది, కొవ్వు కరిగిస్తుందని ప్రకటించిన ఏదో ఒక చూర్ణాన్ని చాటుగా కొని వాడుట. తిరిగి పెరిగిన ఎనిమిది పది కిలోల కంటె ఈ రెండు పనులే ఎక్కువ చేటు చేస్తాయని నా అభిప్రాయం. ఆయుర్వేదాన్ని, గృహవైద్యాన్ని ఆదరించే పాఠకుల ముందే ఈ మాట చెప్పడం మరింత అవసరం.

ముందు ఒక పొరపాటు తొలగించుకోవాలి. చర్మం క్రింది కొవ్వును గొట్టంతో లాగివేసే లైపోసక్షన్ వేరు, ఈ చికిత్స వేరు. ఇందులో ముఖ్యమైన పద్ధతులు రెండు. స్లీవ్ అనే పద్ధతిలో జీర్ణాశయంలో నాలుగింట మూడు వంతులకు పైగా తొలగించి, అరటిపండు ఆకారంలో సన్నని గొట్టం మిగులుస్తారు. బైపాస్ పద్ధతిలో సుమారు 30 మిల్లీలీటర్లు పట్టే చిన్న సంచిని ఏర్పరచి, దానిని చిన్నప్రేవులకు నేరుగా కలుపుతారు. ఈ రెండవదానికి అమెరికాలోని అయోవా విశ్వవిద్యాలయంలో 1966లో ఎడ్వర్డ్ మేసన్ అనే శస్త్రవైద్యుడు నాంది పలికినాడు. కనుక ఇది నిన్న మొన్నటి విద్య కాదు. చేయించుకొన్నవారు పది, పదిహేనేండ్ల తరువాత ఎట్లున్నారో లెక్కలున్నాయి.

స్వీడన్ దేశంలో 1987లో ప్రారంభమైన బృహత్ పరిశీలన ఫలితాలు 2007లో వెలువడినవి. బైపాస్ చేయించుకొన్నవారు మొదటి ఒకటి రెండేండ్లలో తమ పూర్వపు బరువులో సగటున నూటికి 32 పాళ్ళు తగ్గినారు. పదేండ్లు గడిచేసరికి ఆ తగ్గుదల 25 పాళ్ళ వద్ద నిలిచినది. దీనిని మన ఇంటి లెక్కలో చూచుకొందాము. 120 కిలోల మనిషి సుమారు 82కు దిగి, పదేండ్లకు 90 వద్ద నిలిచినాడన్నమాట. తిరిగి వచ్చినవి ఎనిమిది కిలోలు. తిరిగి రానివి ముప్పది. ఇది సగటు ఫలితం; చికిత్స చేయించుకొన్నవారిలో సాధారణంగా జరిగేదే ఇది. అదే పరిశీలనలో, శస్త్రచికిత్స పొందినవారిలో మరణాలు పొందనివారిలో కంటె తక్కువగా ఉన్నట్లు తేలినది. ఆ ఎనిమిది కిలోలను పట్టుకొని “మొదటికే వచ్చావు” అనడం లెక్క తెలియని మాట.

బరువు తిరిగి ఎందుకు వస్తుంది? నాలుక చాపల్యం ఒక్కటే కారణమనుకోవడం సులభం. శరీరధర్మం అంత సులభమైనది కాదు. ఆకలిని రేపే గ్రెలిన్ అనే హార్మోనును 1999లో జపాను శాస్త్రజ్ఞులు కనుగొన్నారు. పథ్యంతో బరువు తగ్గినవారిలో ఇది పెరుగుతుందని ఆ తరువాత తెలిసినది. అనగా శరీరం తాను కోల్పోయినదానిని రాబట్టుకొనుటకు ఆకలిని పంపుతుంది. జీర్ణాశయపు పైభాగంలో ఇది ఎక్కువగా పుడుతుంది. స్లీవ్ పద్ధతిలో ఆ భాగం పోతుంది గనుక మొదట ఆకలి చచ్చినట్లుంటుంది. కాని ఆకలికి దారులు అనేకం. కొంతకాలానికి అది మళ్ళీ మేలుకొంటుంది. మరొక సంగతి ఏమనగా, తేలికైన శరీరం తక్కువ శక్తిని ఖర్చు చేస్తుంది. కండ కూడ కరిగిపోయి ఉంటే ఆ ఖర్చు ఇంకా పడిపోతుంది.

మన ప్రాచీనులకు హార్మోనుల పేర్లు తెలియవు. కాని రోగి బాధను వారు చక్కగా కనిపెట్టినారు. చరకసంహిత సూత్రస్థానంలోని ఇరువది యొకటవ అధ్యాయంలో అతిస్థూలుని లక్షణాలు చెప్పబడినవి. మేదస్సు మార్గాలను కప్పివేయగా, వాయువు కోష్ఠంలోనే తిరుగుతూ జఠరాగ్నిని రగిలిస్తుందనీ, అందువలన తిన్నది త్వరగా జీర్ణమై మళ్ళీ ఆహారం కోరుతుందనీ చరకుని భావం. అమితమైన ఆకలిని ఆయన ఈ రోగపు ఎనిమిది దోషాలలో ఒకటిగా లెక్కించినాడు. కారణాలలో అతిభోజనం, పగటినిద్ర, వ్యాయామలోపం చెప్పి ఊరుకోలేదు, బీజస్వభావాన్ని కూడ చేర్చినాడు. తల్లిదండ్రుల నుండి వచ్చిన దేహతత్త్వమన్నమాట. స్థూలునికి చికిత్స చేయడం కృశించినవానికి చేయడం కంటె కష్టమని కూడ చెప్పినాడు. ఆయనే కష్టమన్నదానిని మనం “నోరు కట్టుకో” అన్న ఒక్క మాటతో తేల్చివేయడం ఏమి న్యాయం?

అట్లని తిండి సంగతి వదలివేయమని కాదు. అసలు చిక్కు అక్కడ ఎట్లు వస్తుందో తెలిసినవారు తక్కువ. చిన్నదైన జీర్ణాశయంలో చపాతీ, పెసరట్టు, గట్టి కూర, మాంసం నిదానంగా దిగుతాయి, కొంచెం తినగానే గుండెల మీద పట్టినట్లుంటుంది. పెరుగన్నం, జావ, టీలో ముంచిన బిస్కట్లు, ఐస్‌క్రీం, నోట కరిగే సున్నుండ ఏ ఇబ్బందీ లేకుండ జారిపోతాయి. రెండు మూడుసార్లు గట్టి పదార్థం తిని బాధపడినవారు, తెలియకనే, జారేవాటి వైపు మళ్ళుతారు. ఒక పూట భోజనం కప్పెడే కావచ్చు. కాని డబ్బాలోని జంతికలు, సకినాలు, గుప్పెడు జీడిపప్పు, రెండు గుక్కల బాదంపాలు ఉదయం నుండి రాత్రి వరకు సాగుతూనే ఉంటాయి. “నేను అసలు తినడమే లేదు” అని వారు చెప్పేది అబద్ధం కాదు. కంచంలో పెట్టుకొని తినడం లేదు. రాగిజావ బరువు తగ్గిస్తుందని నమ్మి పూటకు రెండు గ్లాసులు త్రాగేవారు కూడ ఇందులోకే వస్తారు. జావ మంచిదే. కాని ఈ జీర్ణాశయానికి అది నిలువని ఆహారం.

బైపాస్ అయినవారికి తీపితో మరొక చిక్కున్నది. తీపి ఒక్కసారిగా ప్రేవులలోకి దిగి, చెమటలు, గుండెదడ, కళ్ళు తిరుగుట కలుగవచ్చు. కొందరికి తిన్న ఒకటి నుండి మూడు గంటలకు రక్తంలో చక్కెర పడిపోతుంది. అప్పుడు వణుకు తగ్గుటకు మళ్ళీ తీపి తింటారు. ఈ చక్రం ఆహారపు కూర్పు మార్చనిదే తెగదు.

మార్చవలసినది ఏమనగా, ముందు మాంసకృత్తులు, ఆపైన కూర, చివర అన్నం. ఈ చికిత్స అయినవారికి రోజుకు కనీసం 60 గ్రాముల మాంసకృత్తులు ఉండవలెనని వైద్యులు చెబుతారు. శాకాహార గృహంలో ఇది తేలిక కాదు. 50 గ్రాముల పెసలతో పోసిన పెసరట్లలో 12 గ్రాములు, 50 గ్రాముల కందిపప్పులో గాని ఉలవలలో గాని 11, 30 గ్రాముల మీల్‌మేకర్‌లో 15, 50 గ్రాముల పనీరులో 9, పాలు పెరుగు కలిసి 300 మిల్లీలీటర్లలో 10. అన్నీ కూడితే 57. గుడ్డు తినేవారికి ఒక్కొక్కదానిలో 6 గ్రాములు. చారన్నంతో, పెరుగన్నంతో రోజు గడుపుకొనే ఇంటిలో ఇందులో సగం కూడ రాదు. స్థూలునికి గురువై, అంటే కడుపులో నిలిచేదై, అధికంగా పోషించనిదైన ఆహారం ఇమ్మని చరకుడు చెప్పిన మాట, పెసలను, ఉలవలను, యవలను పేర్కొన్న తీరు ఇక్కడ చక్కగా సరిపోతాయి. భోజనానికి అరగంట ముందు, అరగంట తరువాత నీరు త్రాగకుండుట కూడ ముఖ్యం. ముద్దకొక గుక్క త్రాగితే తిన్నది కొట్టుకొనిపోయి కడుపు మళ్ళీ ఖాళీ అవుతుంది.

ఇక మన మందుల సంగతి. ఇక్కడ కొందరికి నా మాట రుచించకపోవచ్చు. కడుపు కోత పడని మనిషికి హాని చేయని వస్తువు కూడ ఈ రోగులకు హాని చేయవచ్చు. విరేచన చూర్ణంతో తగ్గేది నీటి బరువు. దానితోపాటు లవణాలు కూడ పోతాయి. గుగ్గులు కొందరికి కడుపును రేపుతుంది, థైరాయిడ్ మందులు వాడేవారు దానిని స్వంతంగా తీసుకోరాదు. కొవ్వు కరిగిస్తుందని అమ్మే గార్సీనియా వలన కాలేయం చెడిన సందర్భాలు వైద్యగ్రంథాలకెక్కినవి. తేనెను చరకుడే చెప్పినాడు గదా అంటారు. నిజమే. కాని పెద్ద చెంచాడు తేనెలో సుమారు 60 క్యాలరీలున్నాయి, అదంతా చక్కెరయే. లంఖణం పరమౌషధమన్న సామెత జ్వరానికి సరిపోవచ్చు. మాంసకృత్తులు చాలక కండ కరిగిన దేహానికి వారానికి రెండు ఉపవాసాలు మరింత కండను కరిగిస్తాయి. వమన, విరేచనాది పంచకర్మలు శస్త్రవైద్యునితో చెప్పకుండ చేయించుకోరాదు.

అన్నిటికంటె ముఖ్యం, కషాయం మొదలుపెట్టి విటమిన్ మాత్రలు ఆపడం. ఈ శస్త్రచికిత్స అయినవారికి బి12, ఇనుము, కాల్షియం, విటమిన్ డి జీవితాంతం అవసరం. బరువు పెరిగినంత మాత్రాన ఆ కొరత తీరినట్లు కాదు. ఒళ్ళు లావుగా ఉండి రక్తం పాలిపోయినవారు ఉంటారు. అరికాళ్ళ తిమ్మిరిని వాతమని తలచి తైలం మర్దించుకుంటూ బి12 లోపాన్ని ముదరనిచ్చుకోవడం విచారకరం. రోజుల తరబడి వాంతులౌతూ, చూపు రెండుగా కనబడుట, నడక తూలుట వంటివి కలిగితే అది థయమిన్ లోపం కావచ్చు. గంటలు లెక్కపెట్టి ఆసుపత్రికి వెళ్ళవలసిన స్థితి అది.

వైద్యుని వద్దకు తిరిగి వెళ్ళడం వలన ప్రయోజనమున్నది. సంచి సాగినదా, కొత్తగా మార్గం ఏర్పడినదా అన్నది లోపలికి చూచే పరీక్షలతో తెలుస్తుంది. థైరాయిడ్ లోపం, స్టెరాయిడ్లు, కొన్ని మానసిక వ్యాధుల మందులు, ఇన్సులిన్ కూడ బరువు పెంచవచ్చు. 2025లో టిర్జెపటైడ్, సెమాగ్లూటైడ్ ఇంజెక్షన్లు స్థూలకాయానికి మన దేశ విపణిలోకి వచ్చినవి. శస్త్రచికిత్స తరువాత బరువు పెరిగినవారికి కూడ వాటిని వైద్యులు సూచించడం కలదు. ఖర్చు ఎక్కువ, మానివేస్తే బరువు తిరిగి వస్తుంది. మరల శస్త్రచికిత్స చేసే పద్ధతి కూడ ఉన్నది గాని, దానిలో ప్రమాదం మొదటిదానికంటె ఎక్కువ.

ఇవన్నీ ఒక యెత్తు. ఆడపిల్లల సంగతి మరొక యెత్తు. సంబంధాలు కుదరడం లేదని పెళ్ళికి ముందు ఈ చికిత్స చేయించి, అత్తవారికి చెప్పకుండ దాచే తల్లిదండ్రులున్నారు. వారి భయం నాకు అర్థమౌతుంది. ఫలితం మాత్రం అమ్మాయి అనుభవిస్తుంది. అత్తవారింట బి12, ఇనుము మాత్రలు బయట పెట్టుకోలేదు. “నాలుగు ముద్దలైనా తినవేమే” అంటే కారణం చెప్పలేదు. కక్కుకొన్నా తింటుంది, లేదా జారేవి తిని బరువు పెరుగుతుంది. గర్భం వచ్చినాక మరీ కష్టం. శస్త్రచికిత్స తరువాత ఏడాది నుండి ఏడాదిన్నర వరకు గర్భం వద్దని వైద్యులు చెబుతారు. ఆ గడువు గురించి భర్తకే తెలియదు. వేవిళ్ళ వాంతులలో థయమిన్ పోతుంది. గర్భిణులందరికీ చక్కెర నీళ్ళు త్రాగించి చేసే మధుమేహ పరీక్ష, బైపాస్ అయిన ఆమెను కళ్ళు తిరిగి పడేట్లు చేయవచ్చు. ఆమెకు వేరొక విధంగా చక్కెర చూడాలి. కాన్పు వైద్యురాలికి సంగతి చెప్పకపోతే ఆమెకు ఎట్లు తెలుస్తుంది? కాన్పు తరువాత నేయి, కారప్పొడి, మితంగా నీళ్ళు అనే బాలింత పథ్యం సరేసరి.

కాబట్టి కుటుంబం చేయవలసినది చాలా ఉన్నది. ఒక్కరికి వేరుగా వండి, మిగిలినవారు ఆవిడ ఎదుట గారెలు తినే ఏర్పాటు నిలువదు. పప్పు, కూర ముందు వడ్డించే పద్ధతి ఇంటిల్లిపాదికీ మంచిదే. జంతికల డబ్బా బల్ల మీద నుండి బీరువాలోకి పోవాలి. సాయంకాలపు నడక ఇద్దరు కలిసి నడిస్తే సాగుతుంది. కండ నిలుచుటకు బరువులెత్తే వ్యాయామం గాని, మెట్లెక్కుట గాని చేర్చాలి. తూకం వారానికొక్కసారి చాలు, అది కూడ స్వయంగా చూచుకొని వ్రాసుకోవాలి. అత్తగారో, ఆడపడుచో చూచి ప్రకటించవలసినది కాదు.

మానివేసి రెండు మూడేండ్లయినవారు ఈ నెలలోనే ఒకసారి వెళ్ళిరండి. తీసుకొనిపోవలసినవి: శస్త్రచికిత్స నాటి డిశ్చార్జి పత్రం, వాడుతున్న మాత్రల, చూర్ణాల, కషాయాల పేర్లు అన్నీ, మూడు రోజులు తిన్నది త్రాగినది దాచకుండ వ్రాసిన కాగితం. పత్రం పోయినవారు ఆ ఆసుపత్రి రికార్డు విభాగానికి అర్జీ వ్రాసి నకలు అడగండి. స్లీవో, బైపాసో అందులో ఉంటుంది.