కనిపెట్టుకొని ఉండేవారేరీ?

ఆదివారం ఆరాధనకు మన మందిరాలు చాలవు. వరండాలో షామియానా వేస్తాం, బయట కుర్చీలు వేస్తాం, వీధి చివరిదాకా వినపడేలా సౌండు బాక్సులు పెడతాం. అదే మందిరానికి శుక్రవారం ఉపవాస ప్రార్థన వేళ వెళ్ళి చూడండి. చాప మీద ఏడెనిమిదిమంది స్త్రీలు మోకరించి ఉంటారు. వారిలో విధవరాండ్రు ఉంటారు, కూలిపని దిగి ఇంటికైనా పోకుండా వచ్చినవారుంటారు. సంఘకాపరి ఉంటాడు, పాస్టరమ్మ ఉంటుంది. సంఘ పెద్దలేరీ? కమిటీ ఎన్నికలకు ఇల్లిల్లూ తిరిగిన సోదరులేరీ? క్రిస్మస్ నక్షత్రం ఎంత ఎత్తున కట్టాలో అర్ధరాత్రిదాకా వాదించుకున్న యువకులేరీ? ఈ ప్రశ్నలు రాస్తున్న నేనేడీ?

మనం ప్రార్థనను మానెయ్యలేదు, ఇతరులకు అప్పగించాం. నా దృష్టిలో అది మానెయ్యడం కన్నా పెద్ద దోషం. "అయ్యగారూ, మా కోసం ప్రార్థన చెయ్యండి" అని కానుక కవరు చేతిలో పెట్టి తేలికపడి వచ్చేస్తాం. విశ్వాసులందరూ యాజకులేనని పేతురు రాసిన మాట మనకు కంఠస్థం. కానీ భారమంతా ఒక్క కాపరి భుజాన వేసి, ఆయన అలసిపోతే "ఈయనలో ఆత్మీయత తగ్గింది" అని తీర్పు చెప్పేదీ మనమే. వాట్సాప్‌లో ఎవరిదో ఆపరేషను సంగతి కనపడితే జోడించిన చేతుల బొమ్మ ఒకటి పంపి మరుక్షణం మరచిపోతాం. ఆ బొమ్మ పంపినవాళ్ళలో ఎంతమందిమి ఆ రాత్రి ఆ రోగి పేరు దేవుని ఎదుట పలికాం?

ప్రార్థన విన్నపాల పెట్టె తెరిస్తే మన హృదయాల చిత్తరువు బయటపడుతుంది. వీసా, ఉద్యోగం, కూతురి పెళ్ళి, ఇంటి స్థలం, అప్పు. వీటిలో ఏదీ తప్పు కాదు, ఆర్తితో పెట్టిన ఏ మొరా అల్పం కాదు. అయితే పొరుగువాడి అప్పు గురించి రాసిన చీటీ ఎక్కడ? మనల్ని నొప్పించినవాడి బిడ్డ పరీక్షల గురించి రాసిన చీటీ ఎక్కడ? దేవుని దగ్గరికి మనం పుచ్చుకోవడానికే వెళ్ళడం నేర్చుకున్నాం, మోయడానికి వెళ్ళడం మరచిపోయాం. వ్యాధికి మూలం అక్కడుంది. ఈ మూలాన్ని ముట్టకుండా "ప్రార్థన విభాగం" అని ఒకటి పెట్టి, దానికో కన్వీనరును, కార్యదర్శిని నియమించి, నోటీసుబోర్డు మీద గంటల పట్టిక అంటిస్తే సంఘంలో ప్రార్థన పుడుతుందా? ఎన్ని పట్టికలు అంటించాం, ఎన్ని చిరిగిపోయాయి!

ఒంగోలులో ప్రార్థన కొండ అని ఒక కొండ ఉంది. 1854 జనవరి 1న, ఇంకా వెలుగు పూర్తిగా రాకముందే, ఐదుగురు దాని మీదికి ఎక్కారు. నెల్లూరు మిషనరీ లైమన్ జ్యూయెట్, ఆయన భార్య, మరో ముగ్గురు తెలుగు విశ్వాసులు. ఆ ముగ్గురిలో జూలియా, రూతు అనే ఇద్దరు స్త్రీలు. అంటే ఐదుగురిలో ముగ్గురు స్త్రీలే. జ్యూయెట్ పనిచేస్తున్న, ఫలించని తెలుగు మిషనును మూసెయ్యాలా అన్న చర్చ అంతకు ముందు ఏడాదే అమెరికాలో, ఆల్బనీలో జరిగిన మిషను సభలో నడిచింది. కొండ కింద పరచుకున్న ఊళ్ళలో వారికి సంఘం లేదు, ఇల్లు లేదు. ఆ ఊళ్ళకు ఒక పనివాణ్ణి పంపమని వారు అడిగారు. వారడిగిన ఆ పనివాడు, మిషనరీ జాన్ క్లౌ, ఒంగోలులో కాపురం పెట్టింది 1866లో. పన్నెండేళ్ళు! పన్నెండు వారాల్లో జవాబు రాకపోతే ప్రార్థన గుంపును మూసేసే మనం ఆ పన్నెండేళ్ళను ఏ ముఖంతో తలుస్తాం?

తరువాత 1876-78 నాటి ఘోర క్షామం వచ్చింది. క్లౌ బకింగ్‌హామ్ కాలువలో కొంత భాగం తవ్వకం గుత్తకు తీసుకొని, ఆకలితో ఉన్నవారికి పనీ కూలీ దొరికేలా చేశాడు. కూటికోసం ఎవరూ విశ్వాసులు కాకూడదని, ఆ సహాయం సాగినంతకాలం బాప్తిస్మాలు ఆపేశాడు. అవి మళ్ళీ మొదలయ్యాక 1878 జులై 3న గుండ్లకమ్మ నదిలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఈ అంకెను మన వేదికల మీద ఎంత గర్వంగా చెప్పుకుంటాం! నాకు మాత్రం 2,222 కన్నా ఐదు పెద్ద అంకెగా కనపడుతుంది. ఆ ఐదుగురు అడిగినదాంట్లో తమకోసం ఏముంది?

తెలుగు క్రైస్తవుల నోట "కనిపెట్టడం" అని ఒక మాట ఉంది. దైవసన్నిధిలో మౌనంగా నిరీక్షించడాన్ని అలా అంటాం. 1938లో బైబిలు మిషను స్థాపించిన ముంగమూరి దేవదాసు అయ్యగారు ఆ సన్నిధి సాధనను విశ్వాసులకు అలవరిచారు. అదే మాటను మన ఇళ్ళలో అమ్మ ఇంకోలా అంటుంది: "పొయ్యి మీద పాలున్నాయి, కనిపెట్టుకో." "నేనొచ్చేదాకా తాతయ్యను కనిపెట్టుకొని ఉండు." దేవుని వైపు చూడటానికీ, మంచాన పడ్డ మనిషిని విడవకుండా చూసుకోవడానికీ మన భాష ఒకే మాట ఇచ్చింది. ఎంత భాగ్యం ఇది! సంఘంలో ప్రార్థనా పరిచర్య అంటే నాకు తెలిసిన అర్థం ఇంతే. దేవుణ్ణి కనిపెట్టేవారే మనుషుల్ని కనిపెట్టుకొని ఉండాలి. యెరూషలేములో విధవరాండ్రకు అన్నం సరిగా అందలేదన్న సణుగుడు పుట్టినప్పుడు అపొస్తలులు దాన్ని పక్కకు నెట్టలేదు. అన్నం సంగతి చూడటానికి ఏడుగురిని నియమించి, తాము ప్రార్థనలో, వాక్య పరిచర్యలో నిలిచారు. అక్కడ అన్నమూ ప్రార్థనా ఒకే ఇంటి పనులు. మన దగ్గర ఎప్పుడు విడిపోయాయి?

ఇంకో చేదు నిజం ఒప్పుకోవాలి. మనవాళ్ళు ప్రార్థనకు ఎందుకు రారో అడిగామా? కొడుకు తాగుడు గురించి ఒక తల్లి కూటంలో కన్నీళ్ళతో చెప్పుకుంటుంది. మరునాటికి ఆ మాట కుళాయి దగ్గరికి చేరుతుంది. "ప్రార్థన కోసమే చెబుతున్నాను" అన్న ముసుగులో ఎన్ని కుటుంబాల పరువు వీధిన పడేశాం! విన్నపాన్ని విన్న నోరు దాన్ని దేవుని ఎదుట తప్ప మరెక్కడా విప్పకూడదు. ఈ ఒక్క శీలం లేనిచోట ఎన్ని మోకాళ్ళు వంగినా ఆ తల్లి మళ్ళీ రాదు. రాకపోతే తప్పు ఆమెది కాదు.

అంతకన్నా చేదైనది మరొకటుంది. ఒకే ఊళ్ళో, ఒకే ప్రభువు పేరిట, కులానికొక గుడి కట్టుకున్నవాళ్ళం మనం. సమాధుల దగ్గర కూడా గీతలు గీసుకున్నాం. అన్నదమ్ములమని పాడి, మందిరం ఆస్తికోసం కోర్టు మెట్లెక్కాం. సహోదరునికి నీమీద ఏదైనా ఉందని గుర్తొస్తే అర్పణను బలిపీఠం దగ్గరే విడిచి, ముందు వెళ్ళి సమాధానపడమన్నాడు ప్రభువు. ఆయన ఆజ్ఞను తలకిందులు చేసి, మనం అర్పణ ముగించుకొని సమాధానాన్ని వాయిదా వేస్తూ వస్తున్నాం. అయితే పంజాబులో సిక్కు ఇంట పుట్టి, హైదరాబాదు హెబ్రోను మందిరంలో స్థిరపడిన సువార్తికుడు భక్తసింగ్ సభల్లో రాత్రంతా ప్రార్థించినవారు తెల్లవారాక ఒకే బంతిలో కూర్చుని అన్నం తిన్నారు. పక్కవాడి విస్తరి వైపు చూడలేని కళ్ళు మూసుకొని చేసే ప్రార్థన ఎవరిని చేరుతుంది?

అయినా నేను నిరాశపడను. నిరాశపడే హక్కు ఆ కొండ మనకు మిగల్చలేదు. అమాలేకీయులతో యుద్ధంలో మోషే చేతులు బరువెక్కినప్పుడు అహరోను, హూరు చెరో పక్కన నిలబడి వాటిని పొద్దుగుంకేదాకా పట్టుకున్నారు. వారికి గొప్ప వాగ్ధాటి అక్కర్లేకపోయింది. పక్కన నిలబడే ఓపిక ఉంటే చాలింది. ఆ ఓపిక మన సంఘంలో లేదని ఎవరనగలరు? రాత్రి డ్యూటీ దిగివచ్చే నర్సులో ఉంది, పుస్తకం ముందు కూర్చుని తమ్ముణ్ణి చదివించే ఇంటరు పిల్లలో ఉంది, చదువు రాకపోయినా సంఘంలో ప్రతి బిడ్డ పేరూ గుర్తుంచుకున్న అవ్వలో ఉంది. ఇద్దరం కలుద్దాం. మూడో మనిషి వచ్చేదాకా ఆ ఇద్దరమే మానకుండా కూర్చుందాం. ఈ వారం గుడికి రానివారి పేర్లు పలుకుదాం, పలికిన పేర్ల ఇళ్ళకు నడిచి వెళ్దాం. మాట్లాడటం మానేసిన సోదరుడి గడపే మొదటి గడప కావాలి.

శుక్రవారం సాయంత్రం మందిరంలో చాప పరిచేది ప్రతివారమూ ఆ అవ్వే. వంగలేక ఒక కొస గోడకు ఆనించి, రెండో కొసను కాలితో సవరిస్తుంది. ఈ శుక్రవారం మనం కాస్త ముందుగా వెళ్ళి ఆ రెండో కొస పట్టుకుందాం.