కులం గడి లేని బోర్డు గది

ప్రైవేటు రంగంలో రిజర్వేషన్లు అనగానే మనం ఉద్యోగాల దగ్గరే ఆగిపోతాం. ఆ ఉద్యోగాలు ఎన్నో, ఫ్యాక్టరీ ఏ ఊళ్లో పెట్టాలో, సీఎస్ఆర్ డబ్బు ఎటు పోవాలో తేల్చేది డైరెక్టర్ల బోర్డు. అక్కడ కూర్చునేదెవరు?

2012లో అజిత్, డాంకర్, సక్సేనా అనే ముగ్గురు పరిశోధకులు దేశంలోని వెయ్యి పెద్ద కంపెనీల బోర్డులను లెక్కగట్టారు. ఎకనామిక్ అండ్ పొలిటికల్ వీక్లీలో వచ్చిందది. దాదాపు 93 శాతం అగ్రకులాలే. ఎస్సీ, ఎస్టీలు కలిపి 3.5 శాతం. ఆ లెక్క కూడా పేర్ల చివరి తోకలను బట్టి తీయాల్సి వచ్చింది. కంపెనీలు చెప్పవు కదా!

ప్రతిభ ఉంటే ఎవరైనా రావచ్చంటారు. మరి ఆడవాళ్ల సంగతి చూడండి. లిస్టెడ్ కంపెనీల బోర్డులో కనీసం ఒక మహిళ ఉండాలని 2013 కంపెనీల చట్టం చెప్పింది. కొందరు ప్రమోటర్లు భార్యనో కూతుర్నో కూర్చోబెట్టి మమ అనిపించారు. తర్వాత సెబీ స్వతంత్ర మహిళా డైరెక్టరే కావాలంది. 2020 ఏప్రిల్ నుంచి మొదటి వెయ్యి కంపెనీలకు అది వర్తించింది. చట్టం అడిగాక ప్రతిభ గల ఆడవాళ్లు కనిపించారు!

ఆ వెయ్యి కంపెనీలు సెబీకి ఏటా ఇచ్చే బాధ్యతా నివేదికలో బోర్డులో మహిళలెందరో రాయాలి. అందులో దళిత మహిళలెందరు? ఆ గడే లేదు.

ఒక దళితుడు బోర్డులో కూర్చుంటే మ్యాన్‌హోల్ చావులు ఆగుతాయా అని మనవాళ్లే అడుగుతారు. ఆగవు. కానీ కాంట్రాక్టు పారిశుధ్య కార్మికుల జీతమెంత అని ఆ బల్ల దగ్గర అడిగే నోరంటూ ఉండాలి. ఒక్కరే ఉంటే ఫొటోకి పనికొస్తారు. అందుకే పదిమంది కావాలి.

కామర్సు, లా, ఇంజనీరింగు చదివే తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! బ్యాలెన్స్ షీటు చదవడం ఇప్పుడే నేర్చుకోండి. కంపెనీల చట్టం తిరగేయండి. స్వతంత్ర డైరెక్టర్ల కోసం 2019 నుంచి ప్రభుత్వ డేటాబ్యాంకు ఉంది, ఆన్‌లైన్ పరీక్షా ఉంది. అనుభవం వచ్చాక అందులో మీ పేరుండాలి. బాబాసాహెబ్ 1923లోనే రూపాయి సమస్య మీద పుస్తకం రాశాడు. డబ్బు లెక్కలు మనకు కొత్త కాదు.

అయితే పరీక్ష పాసైతే కుర్చీ రాదు. నామినేషన్ కమిటీలు తమకు తెలిసినవాళ్లనే పిలుస్తాయి. ఆ తెలిసినవాళ్ల వలయం పేరే కులం. అందుకే చదువుతోపాటు ఒక డిమాండు కూడా కావాలి: సెబీ నివేదికలో కులం గడి పెట్టాలి. ముందు లెక్క తేలనివ్వండి, వాటా సంగతి తర్వాత మాట్లాడదాం.

జై భీమ్.