వేగపు పందెము

రహదారి అందఱి సొత్తు. తెల్లవాఱకముందే కూరగాయల గంపతో సంతకు పోవు ముదుసలికిని, పాఠశాలకు నడచు బాలునికిని, రాత్రి పని ముగించుకొని యిల్లు చేరు కూలివానికిని దానిపై సమానమైన హక్కు కలదు. అట్టి దారిని కొందఱు యువకులు పందెపు బయలుగా మార్చుచున్నారు. హైదరాబాదు, విశాఖపట్టణము వంటి నగరములలో రాత్రివేళ మోటారు సైకిళ్ళపై పందెములకు దిగినవారిని పోలీసులు పట్టుకొనిన వార్తలు పత్రికలలో పలుమాఱు వచ్చినవి.

"మా ప్రాణములు మావి, వానిని మేము ఒడ్డుకొన్నచో ఇతరులకేమి?" అని వారు వాదింతురు. ఈ వాదమును విచారింతము. భారతకథలో ధర్మరాజు జూదమున తన్ను తానోడిన పిదప ద్రౌపదిని పణముగా ఒడ్డెను. తన్నోడినవానికి నన్నొడ్డు అధికారమెక్కడిదని ఆమె నిండు సభను నిలదీసెను. వీథి పందెమునకు దిగువానిని అడుగవలసిన ప్రశ్నయు అదియే. అతడు ఒడ్డునది తన ప్రాణమొక్కటియే కాదు. దారి దాటు ముదుసలి ప్రాణమును ఆమె నడుగకయే ఒడ్డుచున్నాడు. గెలిచినచో చప్పట్లు అతనివి. ఓడినచో నష్టము పరులది.

"మేము నేర్పరులము" అనుమాటయు చెల్లదు. గంటకు 90 కిలోమీటర్ల వేగమున పోవు వాహనము ఒక్క సెకనులో 25 మీటర్లు సాగును. ఆపదను గుర్తించి బ్రేకు వేయులోపలనే ఆ దూరము గడచిపోవచ్చును. వేగము రెట్టింపైనచో, బ్రేకు వేసిన పిదప వాహనము నిలుచుటకు నాలుగింతల దూరము కావలెను. ఇది ప్రకృతి నియమము. ఎవరి నేర్పును దీనిని మార్పజాలదు.

ఇటలీ దేశమున మిల్లె మిల్యా అను కార్ల పందెము సామాన్య రహదారులపై జరుగుచుండెడిది. అందు పాల్గొనువారిలో జగత్ప్రసిద్ధులైన చోదకులుండిరి. 1957 మే 12వ తేదీన గిదిజ్జోలో అను ఊరి చెంత ఒక కారు టైరు పగిలి, అదుపు తప్పి, దారి ప్రక్కనున్న జనముపై పడెను. కారులోని యిద్దఱే గాక 9 మంది ప్రేక్షకులు మరణించిరి. వారిలో 5గురు పిల్లలు. ఆ దుర్ఘటనతో పూర్ణవేగమున సాగు ఆ పందెము ముగిసెను. అనుమతితో, ప్రసిద్ధులు నడిపిన పందెమే అట్లు పరిణమించినప్పుడు, చీకటిలో చాటుగా జరుగు పందెముల మాట చెప్పనేల?

ప్రమాదము ఒక్క క్షణమున ముగియును. దాని ఫలము ఏండ్ల తరబడి నిలుచును. సంపాదించువాడు కాలు విఱిగి మంచము పట్టినచో ఇంటిలో పొయ్యి రాజుట కష్టమగును. వైద్యమునకు అప్పు పెరుగును. బిడ్డ చదువు మధ్యలో నిలిచిపోవును. వీరెవ్వరును పందెమును చూడనైనను లేదు.

1988 నాటి మోటారు వాహనముల చట్టము అనుమతి లేని పందెమును నేరమని నిర్ణయించినది. 2019 నాటి సవరణ ప్రకారము మొదటి తప్పునకు 3 నెలల వఱకు చెఱ, లేక 5,000 రూపాయల వఱకు జరిమానా, లేక రెండును విధింపవచ్చును. పదునెనిమిదేండ్లు నిండని బాలుడు వాహనముతో నేరము చేసినచో, తమకు తెలియక జరిగినదని నిరూపింపలేని సంరక్షకులును వాహన యజమానియు దండనపాలగుదురు.

బాలబాలికలారా! వేగముపై మక్కువ తప్పు కాదు. చెన్నై చెంతను, కోయంబత్తూరు చెంతను పందెముల కొఱకే నిర్మించిన బాటలు కలవు. అచ్చట దిగువారందఱును తెలిసియే దిగుదురు. వీథిలో నడచువాడు అట్లు దిగినవాడు కాడు. అతని ప్రాణమును ఒడ్డు హక్కు మనకు లేదు. ఒడ్డువానిని చూచి చప్పట్లు కొట్టు హక్కును లేదు.